మానుపిల్లి మెచ్చిన లొట్టి

స్కాట్లాండ్‌లో విస్కీ బట్టీలకు పిల్లులు కాపలా కాసేవి. నల్గొండ, పాలమూరు పల్లెల్లోని తాటివనాలకూ ఓ పిల్లి ఉంది. కాకపోతే అది కాపలా కాయదు... అందరూ నిద్రపోయాక వచ్చి, తన వాటా తాగేసి, తెల్లారేలోపు మాయమైపోతుంది! గీతన్నలు దాన్ని తిట్టుకుంటారు. కానీ అది రావడం మానేసిందంటే మాత్రం దిగులు పడతారు. ఎందుకో తెలియాలంటే ఓసారి తాటివనంలోకి వెళ్లాల్సిందే!

ఇంకా చీకటి పూర్తిగా విడిపోలేదు. మూసీ వైపు నుంచి వీస్తున్న గాలికి తాటాకులు గలగలమంటున్నాయి. పొలంగట్టు మీద ఓ సైకిల్ వచ్చి ఆగింది. దిగినాయనకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. భుజాన మోకు, నడుముకు ముస్తాదు, అందులో పదునుపెట్టిన గీతకత్తి. వెనకే హైదరాబాద్ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చిన పిల్లలిద్దరు, వాళ్లను తీసుకొచ్చిన మేనమామ.

గీతన్న వెంటనే చెట్టెక్కలేదు. టార్చిలైటు వేసి చెట్టు మొదలు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. మాను మీద కొత్తగా పడిన గోళ్ల గీతలు కనిపించాయి. పక్కనే బండమీద ఏవో పండ్ల గింజలతో కలిసిన పెంట.

‘‘రాత్రి వచ్చిపోయింది’’ అన్నాడు నవ్వుతూ.

‘‘ఎవరు తాతా?’’

‘‘ఇంకెవరు బిడ్డా... మానుపిల్లి! మీది లొట్టిల సగం అదే తాగుంటది.’’

‘‘పిల్లి కల్లు తాగుతుందా?’’ పిల్లలకు నవ్వాగలేదు.

వలిగొండ, రామన్నపేట, మోత్కూరు, నకిరేకల్... ఊరు ఏదైనా కావచ్చు. తాళ్లున్న చోట ఈ పిల్లి కథ ఏదో ఒకటి చెప్పని గీతన్న ఉండడు.

అక్కడ టౌజర్... ఇక్కడ మానుపిల్లి

మద్యం తయారయ్యే చోటికీ పిల్లికీ చుట్టరికం ఈనాటిది కాదు. విస్కీకి ముడిసరుకు బార్లీ. బార్లీ ఉన్నచోట ఎలుకలు చేరతాయి. అందుకే స్కాట్లాండ్‌లో బట్టీకో పిల్లిని పెంచేవారు. వాటిలో అందరికంటే పేరున్నది గ్లెన్‌టరెట్ బట్టీలో ఉన్న టౌజర్. 1963లో పుట్టిన ఈ ఆడపిల్లి 1987లో చనిపోయేదాకా 28,899 ఎలుకల్ని పట్టిందని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అన్ని ఎలుకల్ని ఎవరు లెక్కపెట్టారని అనుమానమా? కొన్ని రోజులు దాని వేట చూసి, రోజుకు ఇన్ని చొప్పున జీవితకాలానికి లెక్కకట్టారట! ఆ బట్టీ ఆవరణలో టౌజర్‌కు కంచు విగ్రహం కూడా ఉంది. చూడ్డానికి వచ్చే పర్యటకులు విస్కీ ఎలా తయారవుతుందో తెలుసుకోవడంతోపాటు ఆ విగ్రహం దగ్గర ఓ ఫొటో కూడా దిగుతారు.

మన తాటివనంలో బట్టీ లేదు. నిప్పు లేదు, రాగి పాత్ర లేదు, గింజల గోదాము అసలే లేదు. కల్లును కాచి వడగట్టరు. చెట్టు నుంచి దించింది దించినట్టే తాగుతారు. శ్రీలంకలో కొబ్బరి కల్లును బట్టీ పెట్టి సారా తీస్తారు. గోవాలో జీడిమామిడి పండ్ల రసంతో తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన దగ్గర బట్టీ కథ వేరు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకడంతో 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. కల్లు మాత్రం చెట్టునే నమ్ముకుని మిగిలింది.

కాబట్టి ఈ తయారీశాల మొత్తం ఓ చెట్టే. మోపూ అదే, గోదామూ అదే. ఇక్కడి పిల్లికి ఎలుకలతోపాటు లొట్టిలోని సరుకు కూడా ఇష్టం. అంతే తేడా!

పిల్లి కాని పిల్లి

పేరుకే పిల్లి గానీ నిజానికి మానుపిల్లి పిల్లుల జాతి కాదు. ముంగిసకు, పిల్లికి మధ్యలో ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తుంది. పొడుగాటి మూతి, బూడిద రంగు ఒళ్లు, వీపు మీద నల్లని చారలు, మొహానికి గంతలు కట్టినట్టు నల్లమచ్చ, ఒంటికి దీటైన పొడుగు తోక. బరువు మూడు నాలుగు కిలోలు. తిరుమల శ్రీవారి అభిషేకానికి వాడే తైలాన్ని ఇచ్చే పునుగుపిల్లి దీనికి దగ్గరి చుట్టం. అందుకే చాలామంది రెంటినీ పునుగుపిల్లి అనే పిలుస్తారు. ఇండోనేషియాలో కాఫీ పండ్లు తిని, దాని పెంటలో వచ్చే గింజలతో ప్రపంచంలోని ఖరీదైన కాఫీల్లో ఒకదానికి కారణమవుతున్నదీ ఈ మానుపిల్లే.

ఇంగ్లిషువాళ్లు దీనికి పెట్టిన పేరు వింటే మన గీతన్నలు తప్పకుండా నవ్వుకుంటారు. ‘టాడీ క్యాట్’... అంటే కల్లుపిల్లి! తాళ్లెక్కి లొట్టిలో మూతిపెట్టి తాగే అలవాటు వల్లే ఆ పేరు వచ్చింది.

పగలంతా చెట్టు తొర్రలోనో, తాటిమట్టల సందునో, పాత పెంకుటింటి అటక మీదో ముడుచుకుని పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొస్తుంది. మేడిపండ్లు, ఈతపండ్లు, సీతాఫలాలు, ఎలుకలు, పురుగులు... దొరికిందల్లా తింటుంది. తిన్న పండ్ల గింజల్ని ఊరంతా చల్లుతుంది. గట్ల మీద, బండల సందుల్లో ఎవరూ నాటకుండానే మొలిచే ఎన్నో మొక్కల వెనక దాని చేయి ఉంటుంది. అంటే ఏటా కొంత కల్లు తాగినా, అందుకు బదులుగా వనాన్ని పెంచిపోతుందన్నమాట.

మరి దానికి నిషా ఎక్కదా? ఈ ప్రశ్న పిల్లలే కాదు, శాస్త్రవేత్తలూ వేసుకున్నారు. మలేషియా అడవుల్లో ఓ చిన్న చెట్టెలుక రోజూ రాత్రి ఓ రకం తాటిజాతి చెట్టు పూల నుంచి ఊరే పులిసిన మకరందం తాగుతుందని, అయినా తూలదని 2008లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. మన మానుపిల్లి విషయంలో మాత్రం గీతన్నల సాక్ష్యమే ఆధారం. ‘‘తాగి కిందపడ్డ మనుషుల్ని చూసిన గానీ... తాగి కిందపడ్డ పిల్లిని సూడలే’’ అంటాడు ఈ పెద్దాయన.

ఒక్కో అంగుళం... ఒక్కో గండం

మోకును మాను చుట్టూ తిప్పి నడుముకు బిగించుకున్నాడు. పాదాలకు గుజి తగిలించుకున్నాడు. చెట్టును తాకి, ఆ చేత్తో కళ్లకద్దుకుని కాటమయ్యను తలుచుకున్నాడు. ఆ తర్వాత చేతులు, కాళ్లు, మోకు... మూడూ ఒకే తాళంలో కదలడం మొదలుపెట్టాయి. రెండు మూడు నిమిషాల్లో మనిషి ఆకుల్లో కలిసిపోయాడు. ఐదారంతస్తుల మేడంత ఎత్తు అది. లిఫ్టు లేదు, మెట్లు లేవు, రెయిలింగు లేదు. ఉన్నదల్లా ఓ తాడు.

పైన జరిగే పని కింది నుంచి కనిపించదు. తాటిచెట్టులో మగ, ఆడ వేరువేరు. మగచెట్టు పోతుతాడు. ఆడచెట్టును గెల లేతదా, ముదిరిందా అన్నదాన్ని బట్టి పరుపుతాడనీ పండుతాడనీ పిలుస్తారు. ఒక్కోదాని కల్లుకు ఒక్కో కాలం, ఒక్కో రుచి. గెల కొసను కత్తితో పల్చగా... ఉల్లిపొర మందాన కోయాలి. ఎక్కువ కోస్తే గెల త్వరగా అయిపోతుంది. తక్కువ కోస్తే ధార రాదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, కొన్ని చెట్లకు మధ్యాహ్నం కూడా. ఒక్కరోజు మానేసినా కోసిన చోటు ఎండిపోతుంది. మళ్లీ దారికి తేవాలంటే రోజులు పడుతుంది. అందుకే గీతన్నకు ఆదివారం ఉండదు, పండగ ఉండదు. పెళ్లికి పోయినా పూటకల్లా ఇంటికి రావాల్సిందే.

ఈతచెట్టుది మరో లెక్క. దానికి గెలను కోయరు. తలకింద మానునే ఓ పక్క చెక్కి గీస్తారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే, తర్వాతి ఏడు రెండో పక్క. అలా గీసిన గాట్లు కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా మిగిలిపోతాయి. వాటిని లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్లుగా కల్లు ఇస్తోందో చెప్పేయొచ్చు. పాలమూరు వైపు వాగుల వెంట కనిపించే వంకరటింకర ఈతచెట్లన్నీ ఇలా తమ చరిత్రను ఒంటిమీద రాసుకున్నవే.

కింద నిలబడిన మేనమామ పైకి కేకేశాడు.

‘‘అన్నా... ఉంచిందా ఏమన్నా?’’

‘‘ఉంచింది... మంచిదే అది. మొత్తం తాగది!’’ ఆకుల్లోంచి జవాబు.

గడియారం ఆగదు

లొట్టి కిందికి దిగింది. పైన తెల్లటి నురగ, చుట్టూ రెండు మూడు తేనెటీగలు. కల్లు గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. కల్లుకు గడియారం ఉంటుంది.

గెల నుంచి బొట్టుబొట్టుగా రాలేటప్పుడు అది కల్లు కాదు, నీరా. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉన్న తియ్యటి నీళ్లు. మత్తు ఉండదు. కానీ గాలిలో, లొట్టి గోడల్లో ఉండే ఈస్టు ఊరుకోదు కదా! నీరా లొట్టిలో పడిన క్షణం నుంచే చక్కెరను ఆల్కహాలుగా మార్చే పని మొదలుపెడుతుంది. పొద్దెక్కి ఎండ తగిలేకొద్దీ ఆ పని జోరందుకుంటుంది. కొన్ని గంటల్లో అది కల్లవుతుంది. ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది, అంటే ఇంచుమించు బీరంత. ఇంకా ఉంచితే పుల్లబడుతుంది. మర్నాటికి వెనిగర్ వాసన వస్తుంది. ఆపై పారబోయడమే.

లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పులిసే పని నెమ్మదిస్తుంది. నీరా తీసేవాళ్లు చేసేది అదే. చల్లగా ఉంచితే మరికొంత సేపు నిలుస్తుంది. అంతే తప్ప గడియారాన్ని పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు.

అందుకే కల్లు ప్రయాణాలు చేయలేదు. చెట్టు కిందే పుట్టి చెట్టు కిందే అయిపోవాలి. పొద్దున్నే వాడుకదారులు వనానికి వస్తారు. తాటాకును మడిచి రేక చేస్తారు. గీతన్న వంపుతాడు, వాళ్లు రెండు చేతులతో రేక పట్టుకుని తాగుతారు. గ్లాసులు కడిగే పని లేదు. పక్కన కాల్చిన పల్లికాయో, ఉడకబెట్టిన గుగ్గిళ్లో. అరగంట కబుర్లు, ఆపై ఎవరి పొలానికి వాళ్లు. ‘ఈ చెట్టుది తీపెక్కువ’, ‘ఆ చెట్టుది కొంచెం వగరు’ అంటూ ఒక్కో చెట్టు రుచినీ పేరుపెట్టి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క బట్టీ నుంచి వచ్చిన విస్కీలో పీపాపీపాకూ రుచి మారుతుందని విదేశీయులు మురిసిపోతారు. ఇక్కడ చెట్టుచెట్టుకూ మారుతుంది, పూటపూటకూ మారుతుంది.

పిల్లలకు మాత్రం ఆ పెద్దాయన లొట్టి చూపించి ఊరుకున్నాడు. వాళ్ల కోసం దించిన ముంజల గెలను కత్తితో చెక్కి చేతిలో పెట్టాడు. ‘‘మీకిది బిడ్డా. అది పెద్దోళ్లకు.’’

చెట్టు లేని కల్లు

ఇంతకీ మానుపిల్లి రాకపోతే దిగులెందుకు?

ఆ దిగులు అర్థం కావాలంటే కల్లు గడియారాన్ని మోసం చేసినవాళ్ల కథ వినాలి. తాగేవాళ్లు పెరిగారు, చెట్లు తగ్గాయి. తాడు కల్లుకు రావాలంటే పది పదిహేనేళ్లు పడుతుంది. నరకడానికి పది నిమిషాలు చాలు. ఇటుక బట్టీలకు కొన్ని, ప్లాట్లకు కొన్ని, రోడ్లకు కొన్ని పోయాయి. పట్టణాల్లోని కాంపౌండ్లకు మాత్రం రోజూ సరుకు కావాలి. అక్కడ చెట్టు స్థానంలోకి పొడి వచ్చింది.

నీళ్లు, తీపికి శాక్రిన్, తెలుపు కోసం, నురగ కోసం మరేవో. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, ఆల్ప్రాజోలం. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ తయారుచేశాడు. 1869 నుంచి దాన్ని నిద్రమందుగా వాడారు. మిగతా రెండూ డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మాత్రల మందులు. వాటినే డ్రమ్ముల్లో కలిపి కల్లు పేరుతో అమ్మారు. రోజంతా ఎండలో రెక్కలు ముక్కలు చేసుకున్న కూలీ పావలా నిద్ర కోసం తాగిన సీసాలో చెట్టు చుక్క కూడా లేని సందర్భాలెన్నో.

ఈ మందులతో అసలు చిక్కు తాగినప్పుడు కాదు, మానేసినప్పుడు బయటపడుతుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. సెప్టెంబరు వచ్చేసరికి పాలమూరు, నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఆసుపత్రులకు జనం బారులు తీరారు. చేతులు వణకడం, మెడలు వంకరపోవడం, మూర్ఛలు, మతిస్థిమితం తప్పడం... ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. కల్తీ కల్లు తాగి కాదు, ఉన్నట్టుండి అది దొరక్క! మత్తుమందు అలవాటైన ఒంటికి దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే జరిగేది అదే. నెమ్మదిగా, వైద్యుల పర్యవేక్షణలో మాన్పించాలి. ఇంట్లో ఎవరికైనా కల్లు అందని రోజున చేతులు వణుకుతున్నా, పిచ్చిమాటలు మాట్లాడుతున్నా అది పొగరో దయ్యమో కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు.

పాఠం నేర్చుకున్నామా అంటే... 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పదేళ్ల తేడాతో అదే కథ.

పొడి కలిపే డ్రమ్ముకు గెలతో పని లేదు, కత్తితో పని లేదు, తెల్లవారుజామున లేచే మనిషితో పని లేదు. దాని దగ్గరికి మానుపిల్లి రాదు. చెట్టు ఉండాలి, చెట్టు మీద లొట్టి ఉండాలి, లొట్టిలో రాత్రంతా ఊరిన ధార ఉండాలి... అప్పుడే అది ఎక్కుతుంది. అందుకే మాను మీద గోళ్ల గీతలు చూసిన గీతన్న విసుక్కుంటూనే లోలోపల మురిసిపోతాడు. చెట్టు బతికే ఉందనడానికి, తన పని ఇంకా నడుస్తోందనడానికి అదో సంతకం.

పైనున్న మనిషి

ఈ పనిలో పిల్లి పడదు. మనిషి పడతాడు. మోకు జారి, మట్ట విరిగి, కందిరీగలు లేచి, పిడుగుపడి... కారణం ఏదైనా కావచ్చు. పడ్డవాళ్లలో కొందరు చనిపోతారు. ఇంకొందరు నడుము విరిగి ఏళ్లతరబడి మంచానికే అతుక్కుపోతారు. గీతకార్మికుల ఊళ్లలో వీధికొకరైనా అలాంటివారు కనిపిస్తారు.

ఈ బతుకుల్ని దగ్గర్నుంచి చూసి పోరాడిన నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేట గడ్డ మీద ఎదిగిన ఈ కమ్యూనిస్టు నేత గీతకార్మికుల్ని సంఘటితం చేశారు. ఎమ్మెల్యేగా, రెండుసార్లు నల్గొండ ఎంపీగా పనిచేశారు. 1996లో ఫ్లోరైడ్ సమస్యను దేశం దృష్టికి తెచ్చేందుకు నల్గొండ లోక్‌సభ స్థానంలో నామినేషన్లు వెల్లువెత్తి, ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు కదా... ఆ ఎన్నికల్లో గెలిచింది ఆయనే. 2011లో కన్నుమూశారు. ఇంకా వెనక్కి వెళ్తే, మొగలుల కాలంలో 1708లో వరంగల్ మీద, ఆ తర్వాత భువనగిరి మీద దండెత్తిన సర్వాయి పాపన్న కూడా గీత కులంవాడే. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్ర రాస్తూ ఆయన కోసం ఓ అధ్యాయాన్నే కేటాయించారు.

తెలంగాణ వచ్చాక తాళ్ల మీద పన్ను రద్దయింది. హరితహారంలో గట్ల వెంట ఈత, తాటి మొక్కలు నాటారు. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రత కిట్ల పంపిణీ మొదలైంది. కాలు జారినా మనిషి కింద పడకుండా పట్టి ఉంచే తాళ్లు, పట్టీలు వాటిలో ఉంటాయి. వాటికి అలవాటు పడాలంటే సమయం పడుతుంది. ‘‘నలభై ఏండ్ల సంది మోకుతోనే ఎక్కిన. ఇది పెట్టుకుంటే కాలు తడబడ్డట్టు అయితది’’ అంటాడు పెద్దాయన. కాసేపాగి, ‘‘పిల్లగాళ్లయితే ఇదే నేర్వాలె’’ అని తనే అంటాడు.

కానీ ఆ పిల్లలెక్కడ? ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్లను చెట్టెక్కమని అనే మనసు ఈయనకే లేదు. కొడుకు కిందపడతాడేమోనన్న భయం లేకుండా నిద్రపోతున్నందుకు ఇంటావిడ కాటమయ్యకు మొక్కుకుంటోంది కూడా. అలాగని తన తర్వాత ఈ చెట్ల గతేమిటన్న బెంగ లేకపోలేదు. రెండూ నిజమే.

నీరా ఈ చిక్కుముడిని కాస్త విప్పుతుందేమోనన్న ఆశ కొందరిది. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. మత్తు లేని, ఇంటిల్లిపాదీ తాగదగిన పానీయంగా నీరాకు గిరాకీ వస్తే, తాటిబెల్లం లాంటివి ఊళ్లలోనే తయారైతే చెట్టెక్కేవాడికి మర్యాదైన బతుకు దొరుకుతుందన్నది వాళ్ల మాట. అందుకు ముందు గడియారంతో పోటీపడాలి. తెల్లవారుజామున దించింది ఎండెక్కకముందే చల్లబరచగలగాలి.

వెళ్తే... ఇలా

తాటివనం చూడాలంటే టికెట్టు అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే భువనగిరి. ఒకే బండ మీద నిలిచిన చాళుక్యుల కాలం నాటి కోట ఎక్కి చూస్తే చుట్టూ తాళ్ల తలలు కనిపిస్తాయి. విజయవాడ రహదారిలో చిట్యాల, నార్కట్‌పల్లి దాటాక ఎండాకాలమంతా రోడ్డు పక్కన ముంజలు అమ్ముతారు. ఈతవనాల కోసమైతే పాలమూరు దారి పట్టాలి. పిల్లలమర్రిని చూసి, వాగుల వెంట పల్లెల్లోకి వెళ్లొచ్చు.

అయితే కొన్ని పద్ధతులున్నాయి. వనం ఎవరిదో కనుక్కుని, అడిగి లోపలికి వెళ్లాలి. మనిషి చెట్టు మీద ఉన్నప్పుడు కింద నిలబడకూడదు, అరవకూడదు. కత్తి జారొచ్చు, ఆయన చూపు చెదరొచ్చు. బండి నడిపేవాళ్లు, గర్భిణులు, పిల్లలు కల్లు జోలికి పోకూడదు. చెట్టుదైనా అదీ మత్తే.

ఇంకో మాట. లొట్టిలో మూతిపెట్టేది మానుపిల్లి ఒక్కటే కాదు, గబ్బిలాలు కూడా. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి పదేపదే వచ్చిన నిఫా జ్వరాలకు గబ్బిలాలు ఎంగిలి చేసిన పచ్చి ఈతరసం ఓ ముఖ్య కారణమని పరిశోధకులు కనుగొన్నారు. అక్కడ ఇప్పుడు ముంతలకు వెదురు తడకలు కడుతున్నారు. మన దగ్గరా లొట్టి మూతికి వలో, తడకో కట్టడం అందరికీ మంచిది. మరి పిల్లి సంగతి? దానికి మేడిపండ్లున్నాయి, ఈతపండ్లున్నాయి, పొలాల నిండా ఎలుకలున్నాయి. ఎంగిలి లొట్టి మనిషి తాగకుండా ఉంటే చాలు.

ఈ పెద్దాయన ఆ పనే చేస్తాడు. మూతిపడ్డ లొట్టిలోది వాడుకదారులకు పోయడు. ‘‘ఆ చెట్టు దానిదే అనుకున్న’’ అంటాడు. పడమటి గట్టు మీద ఒంటరిగా ఉన్న ఆ ముసలి తాడును పిల్లి ఎందుకు ఎంచుకుందో ఆయనకూ తెలియదు. కల్లు తగ్గిపోయినా, రోజూ ఎక్కాల్సిన పని లేకపోయినా ఆ గెలను మాత్రం గీస్తూనే ఉన్నాడు.

సాయంత్రం రెండో పూట గీత పూర్తయింది. పొద్దుగూకింది. ఊళ్లోకి బయల్దేరబోతుంటే చిన్నపిల్ల టార్చి అడిగి తీసుకుని పడమటి చెట్టు మీదికి వేసింది. మట్టల సందున ఏదో కదిలింది. ఓ క్షణం రెండు కళ్లు నిప్పుకణాల్లా మెరిసి ఆరిపోయాయి.

‘‘తాతా... రేపు కూడా వస్తుందా?’’

‘‘లొట్టి ఉంటే వస్తది బిడ్డా.’’

లొట్టి ఉండాలంటే ఎవరో ఒకరు చెట్టెక్కాలి. పెద్దాయన ఆ మాట పైకి అనలేదు. మోకును చుట్టచుట్టి భుజాన వేసుకుని సైకిల్ తీశాడు. తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ రావాలి.